మైనం మీద ఇరవైనాలుగు మెట్లు

మా కోటబొమ్మాళి పిండిమరలో వంతు కోసం కూర్చున్న రోజుల్లో నాకు కంఠతా వచ్చేసిన అంకె 1440. మోటారుకు బిగించిన చిన్న రేకు మీద అది ఉండేది. మోటారు నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందని దాని అర్థం. అదే రేకు మీద మరో మూల 50 అని ఉండేది. అది కరెంటు లెక్క, సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. ఒక అంకె నిమిషాల్లో ఉంది, ఇంకొకటి సెకన్లలో ఉంది. 1440ని 60తో భాగిస్తే సెకనుకు 24 చుట్లు. అది నాలుగు ధ్రువాల మోటారు కాబట్టి కరెంటు ఊపులో సగం, అంటే సెకనుకు 25 చుట్లు తిరగాలి. బరువు లాగుతోంది గనక కాస్త వెనకబడి 24 దగ్గర నిలుస్తుంది. పిండి రాలుతుంటే ఈ లెక్క వేసుకోవడం నాకు పెద్ద కాలక్షేపం.

తరవాత సైన్సు మాస్టారునయ్యాక పౌనఃపున్యం అనే మాటతో పిల్లలు పడే అవస్థ చూశాను. నోరు తిరగని ఆ మాట బోర్డు మీద రాసి, పక్కనే ఫ్రీక్వెన్సీ అని కూడా రాసేవాణ్ణి. ఆ తరవాత వాళ్ళను కిటికీ దగ్గరికి పిలిచి, రోడ్డు వార ట్రాన్స్‌ఫార్మర్ చేసే 'హుం' శబ్దం వినమనేవాణ్ణి. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగితే ఇనప దిమ్మ ప్రతి ఊపుకూ రెండుసార్లు అదురుతుంది. కాబట్టి ఆ శబ్దం 100 హెర్ట్జ్. హార్మోనియం మీద అయిదో శ్రుతి స్వరం ఉంది కదా, దానికి రెండు స్థాయిల కింద ఉండే స్వరానికి కొంచెం పైన ఉంటుంది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్‌ను రాయచూరు-షోలాపూర్ లైను ద్వారా మిగతా దేశంతో కలిపారు. అప్పటినుంచి మా ఊరి ట్రాన్స్‌ఫార్మరూ కాశ్మీరులో ఉన్న ట్రాన్స్‌ఫార్మరూ ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. ఈ మాట చెబితే పిల్లల కళ్ళు విప్పారేవి.

ఇదంతా యంత్రాల లెక్క. ఒక కొలతను ఇంకో కొలతలోకి చేత్తో, చెవితో మార్చే మనిషిని చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. మన వైపు అలాంటి మనుషులు ఉన్నారు. రైల్లో విజయనగరం వెళ్ళి, అక్కడ రాయగడ లైను బండి ఎక్కితే బొబ్బిలి. ఆ పక్కనే గొల్లపల్లి. బొబ్బిలి వీణలు పుట్టే ఊరు అది.

బొబ్బిలి వీణ గురించి ఇంతకుముందు చాలామంది రాశారు. ఒకే పనస దుంగను తొలిచి కుండా దండీ యాళి ముఖమూ అన్నీ అతుకు లేకుండా చెక్కడం, సర్వసిద్ధి వంశం వారు తరతరాలుగా ఆ పనిని నిలబెట్టడం, భౌగోళిక గుర్తింపు రావడం అందరికీ తెలిసినవే. చెక్కడపు పనిని మెచ్చుకోవడానికి కళ్ళు చాలు, కాబట్టి అందరూ దాన్నే మెచ్చుకుంటారు. నేను వెళ్ళింది చెక్కడం అయిపోయాక జరిగే పని కోసం. దాన్ని మేళం కట్టడం అంటారు. దండి మీద మైనం పరిచి, అందులో 24 మెట్లు నిలబెట్టే పని. ఫొటోల్లో అది కనిపించదు. కానీ వీణ పలికేదీ పలకనిదీ తేలేది అక్కడే.

మెట్లను ఇలా కదలకుండా నిలబెట్టే పద్ధతి చాలా పాతది. 17వ శతాబ్దం మొదట్లో తంజావూరును ఏలిన తెలుగు రాజు రఘునాథ నాయకుడి పేరు మీదే దాన్ని రఘునాథ మేళ వీణ అని పిలిచారు. ఒక్కొక్క స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరవైనాలుగు మెట్లు స్థిరంగా ఉంటే ఏ రాగమైనా మెట్లు జరపకుండా వాయించవచ్చు. ఆయన దగ్గర మంత్రిగా ఉన్న గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి ఆ పన్నెండు స్థానాల మీదే 72 మేళకర్తల లెక్క కట్టాడు. మన వైపు ఈ వాద్యానికి పెద్ద నీడ విజయనగరం. అక్కడ 1919లో పెట్టిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులు. వాసా వారి వంటి వైణికుల వల్ల వీణంటే విజయనగరం అనే మాట నిలిచింది. అన్ని తరాల విద్వాంసుల వేళ్ళ కింద ఉన్న మెట్లను ఎవరో ఒకరు మైనంలో నిలబెట్టారు. వాళ్ళ పేర్లు కచేరీ కరపత్రాల మీద రావు.

నేను వెళ్ళిన రోజున ఒక పెద్దాయన ముందు కొత్త వీణ పడుకుని ఉంది. తేనె మైనంలో మసి కలిపి కాచి, దండికి రెండు అంచులా ఎత్తుగా నల్లటి గట్లు పోశారు. కంచు మెట్లు చిన్న పళ్ళెంలో పోగుపడి ఉన్నాయి. కంచు అంటే నాకు మా పక్క సరవకోట మండలంలోని బుడితి గుర్తొస్తుంది. అక్కడి గిన్నెను వేలితో కొడితే వచ్చే ఖంగు విని పెరిగినవాణ్ణి. పళ్ళెంలో నుంచి ఒక మెట్టు తీసి, అలవాటుగా గోరుతో మీటి చూశాను. పెద్దాయన నవ్వారు.

సంచిలోంచి ఒక స్టీలు స్కేలు, ముందు రాత్రి వేసుకున్న పట్టిక తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అది పక్కనెట్టండి మాస్టారూ. ముందు ఇనండి. ఇన్నాక కొలుద్దురు గాని."

నా పట్టిక సంగతి ముందు చెప్పాలి. మేరువు నుంచి గుర్రం దాకా, అంటే తీగ ఆనే రెండు కొసల మధ్య, మొదటి తీగ సారణి పొడవు 80 సెంటీమీటర్లు అనుకుందాం. మీటితే సెకనుకు 160 సార్లు కంపిస్తుంది అనుకుందాం. ఇది గాయకుల శ్రుతి లెక్కలో (దాని సంగతి తరవాత చెబుతాను) రెండున్నరకూ మూడుకూ మధ్య పడుతుంది. వీణకు అలవాటైన చోటే. షడ్జం 160 అయితే పక్కనున్న పంచమం తీగ 120, మంద్రం 80, అనుమంద్రం 60. తాళం తీగలు మూడూ 160, 240, 320. వీణను శ్రుతి చేయడం అంటే ఈ చిన్న చిన్న నిష్పత్తులను బిరడలతో పట్టుకోవడమే. 160, 120, 80, 60 అని వరసగా రాసి చూడండి, నాలుగు, మూడు, రెండు, ఒకటిన్నర. ఇంత చక్కటి అంకెలు ఒక వాద్యంలో దాక్కుని ఉన్నాయని చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

ఇక పొడవు. తీగను సగానికి నొక్కితే కంపనం రెట్టింపు అవుతుంది. 80 సెంటీమీటర్లకు 160, 40కి 320, 20కి 640. పొడవునూ కంపనాన్నీ గుణించండి, ఎక్కడైనా 12,800 వస్తుంది. 1636లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి దీన్ని నియమంగా రాశాడు. పాత రేడియో పెట్టెలో స్టేషన్లు వెతికిన వాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. ఆ రోజుల్లో అనౌన్సరు ఇన్ని మీటర్లు, అనగా ఇన్ని కిలోహెర్ట్జ్ అని రెండూ చెప్పేవారు. మాకు వినిపించే విశాఖపట్నం కేంద్రం 927 కిలోహెర్ట్జ్. మీటర్లలో సుమారు 323. ఈ రెండింటినీ గుణిస్తే ఇంచుమించు మూడు లక్షలు, సెకనుకు కాంతి నడిచే కిలోమీటర్ల లెక్క. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్, మీటర్లలో 358. గుణించినా మళ్ళీ అదే మూడు లక్షలు. రేడియోలో మారనిది కాంతి వేగం, వీణలో మారనిది తీగ మీద అల వేగం. మారనిది ఏదో పట్టుకుంటే మీటర్లను కంపనాల్లోకి, కంపనాలను మీటర్లలోకి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గొల్లపల్లి పెద్దాయన చేతిలో ఉన్నది ఈ లెక్కే, కాకపోతే అంకెలు లేకుండా.

ఆయన మొదట పన్నెండో మెట్టు నిలబెట్టారు. నా పట్టిక ప్రకారం అది కచ్చితంగా సగంలో, 40 దగ్గర ఉండాలి. మైనం మీద మెట్టును పెట్టి, తీగ నొక్కి మీటి, తల అడ్డంగా ఊపారు. మెట్టును మేరువు వైపు వెంట్రుకవాసి జరిపారు. మళ్ళీ మీటారు. పక్కన తాళం తీగల్లో పై షడ్జం మోగుతోంది. రెండూ కలిసిపోయాక మెట్టును బొటనవేలితో మైనంలోకి అదిమారు.

ఎందుకు జరిపారో నాకు తెలుసు, పాఠంలో చెప్పాను కూడా. తీగను మెట్టు మీదికి నొక్కితే అది కొంచెం సాగుతుంది. సాగితే బిగువు పెరుగుతుంది. బిగువు పెరిగితే స్వరం హెచ్చుతుంది. కాబట్టి సరిగ్గా సగంలో పెట్టిన మెట్టు హెచ్చు స్వరం పలుకుతుంది. మెట్టు ఎంత ఎత్తులో ఉంది, తీగ ఎంత లావు, ఎంత బిగువు, ఇవన్నీ కలిసి ఆ వెంట్రుకవాసిని నిర్ణయిస్తాయి. నేను దాన్ని సూత్రంతో లెక్కగట్టాలంటే ఒక పూట పడుతుంది. ఆయన మూడుసార్లు మీటారు.

ఆ తరవాత చూసిందే నేను ఇంత దూరం రాయడానికి కారణం. నాలుగో మెట్టు, అంతర గాంధారం. స్థాయిని పన్నెండు సమభాగాలు చేసే హార్మోనియం లెక్కలో ఇది గుర్రం నుంచి 63.5 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది, స్వరం 201.6. షడ్జంతో పూర్తిగా కలిసిపోయే గాంధారం మాత్రం సరిగ్గా 200. దాని చోటు 64 సెంటీమీటర్లు. మధ్య దూరం అయిదు మిల్లీమీటర్లు. పెద్దాయన మెట్టును నా పట్టిక చెప్పిన చోటికి దగ్గర్లోనే పెట్టి, తాళం తీగ షడ్జాన్నీ గాంధారాన్నీ ఒకేసారి మోగించారు.

"ఇనబడుతుందా? వణుకుతోంది."

విన్నాను. స్వరం లోపల ఎక్కడో సన్నగా, గబగబా కొట్టుకుంటోంది. ఆయన మెట్టును వేలికొసతో తోస్తూ మీటుతూ ఉన్నారు. కొట్టుకోవడం నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఒకచోట ఆగినట్టే అయింది.

"వణుకు తీసీయాలండి. అంతే పని."

ఆ వణుకు లెక్క ఇది. 160 దగ్గర మోగే తీగలో 320, 480, 640, 800 కూడా సన్నగా మోగుతుంటాయి. గాంధారం 200 అయితే దాని నాలుగింతలు 800. రెండు తీగల్లోని 800లూ ఒకటిగా కలిసిపోతాయి. గాంధారం 201.6 అయితే నాలుగింతలు 806.4. 800కీ 806కీ మధ్య తేడా ఆరు, కాబట్టి సెకనుకు ఆరుసార్లు శబ్దం హెచ్చి తగ్గుతుంది. చెవి పట్టుకునే వణుకు అదే. 1.6 హెర్ట్జ్ తేడాను విడిగా విని చెప్పడం చాలామందికి కష్టం. పై స్వరాల దగ్గరికి వచ్చేసరికి నాలుగింతలై అది అలగా తేలుతుంది. ఆ అలను వినడమే మేళం కట్టేవాడి విద్య. నా ఫోనులో శ్రుతి చూపించే యాప్ ఉంది. అది ముల్లు ఊపుతూ సెంట్లలో తేడా చూపించింది. సెంటు అన్నది 1885లో ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన ప్రచారంలోకి తెచ్చిన కొలత, ఒక స్థాయికి 1200 సెంట్లు. ఈ రెండు గాంధారాల మధ్య 14 సెంట్లు. దేశమంతటి కరెంటు 49.90కీ 50.05కీ మధ్య ఉండాలని నియమం. ఆ ఊగిసలాటను ట్రాన్స్‌ఫార్మర్ శబ్దంలోకి మార్చి చూస్తే అయిదు సెంట్లే. కంట్రోల్ రూముల్లో వందలమంది ఇంజనీర్లు కాపలా కాసే జాగ్రత్త అది. పక్కనే పనస చెక్క మీద ఒక వేలికొస ఆ స్థాయి జాగ్రత్తను పట్టుకుంటోంది.

కొలతల మార్పిడిలో ఇంకో మెలిక ఉంది. ఒక మిల్లీమీటరు అంటే ఎంత స్వరం? అది ఎక్కడున్న మిల్లీమీటరు అన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదటి మెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు జరిపితే స్వరం 0.2 హెర్ట్జ్ మారుతుంది. ఇరవైనాలుగో మెట్టు దగ్గర అదే మిల్లీమీటరు 3.2 హెర్ట్జ్ మారుస్తుంది. మెట్ల మధ్య ఎడం కూడా అలాగే తగ్గుతూ పోతుంది. మేరువు నుంచి మొదటి మెట్టుకు నాలుగున్నర సెంటీమీటర్లు, తరవాతిది 4.24, ఆ తరవాత 4. పన్నెండో మెట్టు దాటాక ప్రతి ఎడమూ కింది స్థాయిలో దాని జంటకు సరిగ్గా సగం. చివరి రెండు మెట్ల మధ్య 12 మిల్లీమీటర్లే. పెద్దాయన చేతిని గమనిస్తే ఇది తెలిసిపోతుంది. కింది మెట్లను బొటనవేలితో జరిపారు, నడిమి మెట్లను గోటితో, పైమెట్లను సన్నటి కమ్మీ కొసతో తట్టి తట్టి. పైకి వెళ్ళేకొద్దీ ఊపిరి కూడా బిగపట్టారు. అక్కడ నేను మాట్లాడితే కసురుకునేవారేమో, మాట్లాడలేదు.

అన్నిటికన్నా కష్టం రెండో మెట్టు. దాని మీద నాలుగు తీగలు పోతాయి, మెట్టు మాత్రం ఒక్కటే. సారణి మీద అది చతుశ్రుతి రిషభం పలకాలి, అంటే 180. దానికి మెట్టు 71.1 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. పంచమం తీగ మీద అదే మెట్టు చతుశ్రుతి ధైవతం పలకాలి. ఆ ధైవతం షడ్జంతో కలవాలంటే 133.3 కావాలి, దానికి మెట్టు 72 దగ్గర ఉండాలి. సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు. మధ్యలో ఎక్కడ పెట్టినా ఒక తీగకు కొంత అన్యాయం జరుగుతుంది. ఏ సూత్రమూ దీన్ని తీర్చదు, అంకెల స్వభావంలోనే ఉన్న పేచీ ఇది. పెద్దాయన సారణి మీద మీటారు, పంచమం మీద మీటారు, మళ్ళీ సారణి. చాలాసేపు. చివరికి సారణి మాట ఎక్కువ విన్నారు.

"ధైవతం?" అన్నాను.

"దాన్ని వాయించే ఆయన వేలు సూసుకుంటాదండి. రిషభం మాత్రం మనమే ఇయ్యాలి."

ఈ జవాబు నాకు ఎంతో నచ్చింది. వీణ మెట్ల మీద తీగను పక్కకు లాగి గమకం పలికించవచ్చు. లాగితే స్వరం పెరుగుతుందే గాని తగ్గదు. కాబట్టి ఈ మెట్టు మీద కాస్త హెచ్చుగా పలికే ధైవతాన్ని వాయించేవాడు దాని ముందు మెట్టు మీద తీగ లాగి, వేలితో తీర్చుకుంటాడు. ఏది తను చేయాలో, ఏది వాయించేవాడికి వదలాలో తెలిసిన పనితనం అది. హార్మోనియం చేసేవాడికి ఈ వెసులుబాటు లేదు. రేకు ఒకసారి కూర్చుంటే అంతే. మన పాటకు వీణ ఇంత దగ్గరైందంటే అందుకు ఈ చిన్న వెసులుబాటు ఒక కారణమని నా నమ్మకం.

శ్రుతి అంకెల గురించి ఒక మాట. మన గాయకులు ఒకటి, ఒకటిన్నర, రెండు, అయిదున్నర అని చెప్పేవి హార్మోనియం మెట్ల వరస. తెల్ల మెట్లకు నిండు అంకె, నల్ల మెట్లకు అర. ఒకటి అంటే 261.6, మూడు అంటే 329.6, అయిదు అంటే 392, లేదా వాటి కింది స్థాయిలో సగాలు. హెర్ట్జ్ లెక్కలో 261 నుంచి 329కి మధ్య దూరం 68. అక్కణ్ణుంచి 392కి 62. చెవికి మాత్రం మొదటిది పన్నెండింట నాలుగు మెట్లు, రెండోది మూడే మెట్లు. మన శ్రుతి అంకె చెవి చెప్పే దూరాన్ని కొలుస్తుంది, హెర్ట్జ్ ఊపులను లెక్కపెడుతుంది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చేటప్పుడు గుణకారం కూడికగా మారిపోతుంది. ఇంటర్మీడియట్‌లో లాగరిథం పట్టికలు చూసి భయపడ్డ వాళ్ళందరూ వీణ దండిని ఒకసారి చూడాలి. ఆ పట్టికే అక్కడ నల్ల మైనం మీద కంచు గీతలుగా నిలబడి ఉంది.

సెకనుకు ఇన్ని సైకిల్స్ అని పిలుస్తూ వచ్చిన కొలతకు, రేడియో అలలను చేతికందేలా చూపించి 36 ఏళ్ళకే పోయిన హెర్ట్జ్ పేరును 1960లో అంతర్జాతీయ కొలతల సభ ఖాయం చేసింది. మా ఇంటి పాత రేడియో మీద మాత్రం కిలోసైకిల్స్ అనే ఉండేది. పేరు మారినా ముల్లు నిలిచే చోటు మారలేదు.

సాయంత్రానికి 24 మెట్లూ నిలబడ్డాయి. అప్పుడు స్కేలు తీసుకోమన్నారు. ఒక్కొక్క మెట్టునూ కొలిచి పట్టికలో రాసుకున్నాను. ఒక్కటీ నా అంకెల మీద కచ్చితంగా లేదు. ప్రతి తేడాకూ కారణం ఉంది. కొన్నిచోట్ల తీగ సాగుడు, కొన్నిచోట్ల కలిసే స్వరం, రెండో మెట్టు దగ్గర ఆయన తీర్పు. నా పట్టికను అక్కడే చించేద్దామనుకుని ఆగాను. దాని పక్కన ఆయన అంకెలు రాసుకున్నాను గనక ఇప్పుడు దానికి విలువ వచ్చింది.

ఇంట్లో వీణ ఉన్నవాళ్ళకు ఒక విన్నపం. మైనం ఎండకు మెత్తబడుతుంది. ఏళ్ళ తరబడి వేళ్ళ ఒత్తిడికి మెట్లు జరుగుతాయి. ఎండాకాలంలో వీణను బస్సు పైన వేయకండి, కిటికీ పక్కన ఎండ తగిలే చోట పెట్టకండి. మెట్టు జరిగిందని తెలిస్తే సొంతంగా వేలు పెట్టి తోయకండి. మేళం మళ్ళీ కట్టించండి, కట్టే రోజున పక్కన కూర్చోండి. ఇంట్లో తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలుంటే ఒక స్కేలిచ్చి వాళ్ళనూ కూర్చోబెట్టండి. గొల్లపల్లిలో ఆ పని చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.